లాభం చేప

గువ్వలపేట ఒడ్డున సూరాడ దేశమ్మ లెక్క తప్పిందని ఎవరూ ఎప్పుడూ అనలేదు. పడవ ఇసకకు తగలగానే గంప ముందు గొంతుక్కూర్చుని, రెండు చేతులతో చేపల్ని ఈ గంపలోంచి ఆ గంపలోకి విసురుతూ ఆమె లెక్కపెడుతుంటే పక్కన కాకి కూడా అరవదని ఆ ఊళ్లో చెప్పుకుంటారు. ముప్పై ఏళ్లుగా ఆమె లెక్కే లెక్క. చేప తాజాదనం గురించి ఆమె చెప్పే మాటల్లో కొంచెం అటూ ఇటూ ఉంటే ఉండొచ్చు గానీ, సంఖ్య దగ్గర మాత్రం దేశమ్మ నోట అబద్ధం రాలేదు.

అలాంటి మనిషి నోటివెంట లోకంలో లేని చేప ఒకటి పుట్టి, దానికో చట్టం, దానికో విగ్రహం, దానికో దినోత్సవం ఏర్పడ్డాయి. అందులో ఆమె తప్పెంతో, ఎదుటివాళ్ల తప్పెంతో వినేవాళ్లే తేల్చుకోవాలి.

ప్రపంచంలోని సముద్రాలన్నిటిలో చేపలు తగ్గిపోతున్నాయని దేశదేశాల పెద్దలు ఎక్కడో చల్లటి ఊళ్లో సమావేశమయ్యారు. మితిమీరిన వేటను అరికట్టాలని అందరూ ఒప్పుకున్నారు. ఒప్పుకున్నాక ఎవరో లేచి, "ఇంతకీ మీ మీ సముద్రాల్లో చేపలెన్ని?" అని అడిగాడట. అందరూ భోజనానికి లేచారు. మన తరఫున వెళ్లినాయన ఒక్కడు మాత్రం, "వచ్చే సమావేశానికి లెక్క తెస్తాం" అని మాటిచ్చి విమానమెక్కాడు. ఆ మాట రాజధానికి వచ్చి ఉత్తర్వయింది. ఉత్తర్వు జిల్లాకు వచ్చి పథకమయింది. పథకం గువ్వలపేటకు వచ్చి షామియానా అయింది.

షామియానా కింద మాట్లాడినవాడు ప్రత్యేకాధికారి పురుషోత్తం గారు. అంతకుముందు ఆయన తాటిచెట్ల గణన పూర్తిచేసి ప్రశంసాపత్రం పొందాడు. తాటిచెట్లు కదలవు, చేపలు కదులుతాయి అన్న తేడా తప్ప పని ఒకటేనని పైవాళ్లు భావించారు.

"గణన లేనిదే నియంత్రణ లేదు!" అన్నాడాయన మైకు ముందు నిలబడి. "సముద్రంలో ఏ జాతి ఎంత సంఖ్యలో ఉన్నదీ శాస్త్రీయంగా నిర్ధారించుకున్న తరువాతనే పరిరక్షణ చర్యలు దశలవారీగా చేపట్టబడును. మొదటి దశ గణన. రెండో దశ నివేదిక. మూడో దశ చర్య."

దేశమ్మ ముందు వరసలోంచి లేచింది.

"బాబూ, సేపలు ఎందుకు తగ్గిపోనాయో మాకు ఎరికే. అదిగో" అని సముద్రం వైపు చెయ్యి చూపించింది. దూరంగా నాలుగైదు పెద్ద మరపడవలు బారుగా కదులుతున్నాయి. "ఆ పడవలోళ్లు దోమతెరలాంటి వలలేసి అడుగంటా ఊడ్సుకుపోతన్నారు. ఏలెడంత పిల్లసేపని కూడా ఒగ్గరు. అయన్నీ పొడికొట్టి, సెరువుల మేతకి ఎల్లిపోతన్నాయి. పిల్ల నేకపోతే తల్లెక్కడినుంచి వత్తాది? ముందు ఆ వలలు ఆపండి."

జనం చప్పట్లు కొట్టారు. పురుషోత్తం గారు కూడా మర్యాదకి కొట్టాడు.

"చాలా విలువైన సూచన. అయితే అది మూడో దశకు చెందిన అంశం. మనం ప్రస్తుతం మొదటి దశలో ఉన్నాం" అని, పక్కనున్న గుమాస్తాతో, "ఈమెకు చేపల పేర్లు బాగా తెలిసినట్లున్నాయి. గణన సహాయకురాలిగా నమోదు చేయండి" అన్నాడు.

అలా దేశమ్మ ప్రభుత్వ గణనలోకి వచ్చింది. ఆమె మొగుడు అప్పయ్య ఇంటికెళ్లే దారిలో గొణిగాడు.

"ఆళ్లకి లెక్క కావాల. మనకి సేప కావాల. ఈ రెండూ ఒకటి కాదే."

"లెక్క తేలితే మన మాట నిజమని తెలుత్తాది కదా మావా" అంది దేశమ్మ. ఆమెకు లెక్కంటే అంత నమ్మకం.

మర్నాడు పొద్దున్నే గణకుడు వెంకటరత్నం ఒడ్డుకు వచ్చాడు. నలభై దాటిన మనిషి. పశుగణన నుంచి కొత్తగా బదిలీ అయ్యాడు. కొమ్ములుంటే ఎద్దు, పొదుగుంటే ఆవు అని రాసుకునే అలవాటు. చేపను కంచంలో తప్ప మరెక్కడా పరీక్షగా చూసినవాడు కాదు. ఇసకలో కుర్చీ వేసుకుని, కూరుకుపోతున్న బూట్లని పైకి తీసుకుంటూ, ట్యాబు ఒళ్లో పెట్టుకున్నాడు. అందులో లెక్క రాయడానికి రెండే గడులు: జాతి, సంఖ్య.

అప్పయ్య పడవ తెచ్చిన మొదటి గంప ముందు దేశమ్మ కూర్చుంది. మొదటి చేప విసిరింది.

"లాభం."

వడ్లు కొలిచినా, మామిడికాయలు లెక్కపెట్టినా, మొదటిదాన్ని మనవాళ్లు ఒకటి అనరు. లాభం అంటారు. లాభంతో మొదలుపెడితే లాభం వస్తుందని ఆశ. వెంకటరత్నం కూడా చిన్నప్పుడు ఈ మాట వినే ఉంటాడు. కానీ ట్యాబు చేతికొచ్చాక మనిషి చిన్నప్పుడు విన్నవి పనికిరావు. జాతి అన్న గడిలో 'లాభం' అని, సంఖ్య అన్న గడిలో '1' అని నొక్కాడు.

"రెండు… మూడు… నాలుగు…"

"ఇవేం చేపలమ్మా?"

"కానాగంతలు బాబూ."

గంప అయ్యేసరికి దేశమ్మ లెక్క అరవై నాలుగు. ట్యాబులో లాభం ఒకటి, కానాగంతలు అరవై మూడు. మొత్తం అరవై నాలుగే. మొత్తం సరిపోయింది కాబట్టి తప్పెక్కడుందో వెతకాల్సిన పని ఎవరికీ కలగలేదు.

రెండో గంప చందువలు. లాభం ఒకటి, చందువలు ఇరవై ఎనిమిది. మూడోది గొరకలు. అక్కడా లాభం ఒకటి. వెంకటరత్నానికి కుతూహలం పుట్టింది.

"ఏమమ్మా, ప్రతి గంపలోనూ మొదట లాభం అంటున్నావు?"

"ముందు లాభమే కదా బాబూ. మా యమ్మా అలాగే అనీది, మా యమ్మమ్మా అలాగే అనీది."

"గంపకి ఒకటేనా ఉంటుంది?"

దేశమ్మకు నవ్వొచ్చింది. "ఒకటే ఉంటాది. రెండుంటే ఇంకేటి బాబూ, మేడలు కట్టీమా?"

వెంకటరత్నం అడుగున విడిగా ఉన్న అభిప్రాయాల గడి తెరిచి ఇలా రాశాడు: "లాభం అను జాతి గంపకు ఒకటి చొప్పున మాత్రమే లభించుచున్నది. స్థానిక మత్స్యకార మహిళలు తరతరాలుగా ఈ జాతిని గుర్తించుచున్నారు. రెండు లభించినచో మహాభాగ్యముగా పరిగణింతురు."

నెలరోజుల్లో నాలుగువందల పన్నెండు గంపలు లెక్కయ్యాయి. నాలుగువందల పన్నెండు లాభాలు నమోదయ్యాయి. పట్నం హార్బరులో పెద్ద పడవల సరుకు తూకం యంత్రం మీద టన్నుల్లో తూగుతుంది కాబట్టి అక్కడ ఎవరూ ఒక్కొక్కటే లెక్కపెట్టలేదు. అక్కడ లాభం సున్నా.

నివేదిక రాజధాని చేరింది. అక్కడ ఒక కంప్యూటరు దాన్ని చూసి ఎర్రగీత గీసింది: ఒకే ఒక్క ఒడ్డున దొరికే, గంపకు ఒక్కటే దొరికే చేప. అతి అరుదైనది. అంతరించే ప్రమాదంలో ఉన్నది. వారం తిరక్కుండా ముగ్గురు సభ్యుల నిపుణుల సంఘం గువ్వలపేటలో దిగింది. ఆ సంఘానికి పెద్ద ఆచార్య సదానందం గారు. చేపల మీద పన్నెండు గ్రంథాలు రాశాడట. ఎండకు టోపీ, మెడలో భూతద్దం.

"ఏదమ్మా, లాభాన్ని చూపించు" అన్నాడాయన.

దేశమ్మకు ఏమడుగుతున్నాడో అర్థం కాలేదు. అలవాటుగా గంపలోంచి ఒక చేప తీసి విసిరింది. "లాభం."

ఆచార్యుల వారు దాన్ని భూతద్దంతో చూశాడు, కొలిచాడు, పొలుసు గీకి సీసాలో వేశాడు. "ఇది అచ్చం కానాగంతలాగానే ఉందే!"

"కానాగంతే బాబూ."

ఇంకో గంప తెప్పించారు. దేశమ్మ అందులోంచి మొదటిది తీసింది. "లాభం." అది చందువ.

ఆచార్యుల వారు భూతద్దం దించాడు. సభ్యులిద్దరి వైపూ తిరిగి, గొంతు తగ్గించి అన్నాడు: "చూశారా? ఏ గుంపులో ఉంటే ఆ గుంపు రూపం ధరిస్తోంది. శత్రువుల నుంచి తప్పించుకునేందుకు ప్రకృతి ప్రసాదించిన అద్భుతమైన మారువేషం! దీన్ని యంత్రం పట్టలేదు, శాస్త్రం పట్టలేదు. ఈ తల్లి కన్ను పట్టేస్తోంది!"

అప్పటికి దేశమ్మకు సంగతి తెలిసింది. గంప వదిలేసి లేచి నిలబడింది.

"అయ్యో రాతా! అది సేప కాదు బాబూ. లెక్క! ఒకటికి బదులు లాభం అంటాం. అంతే. లాభమనీ సేపే నేదు!"

ఆచార్యుల వారు చిరునవ్వు నవ్వి ఆమె భుజం తట్టాడు.

"భయపడకమ్మా. మీ కుల రహస్యం బయటపడిందని బాధపడుతున్నావు. మాకు అర్థమైంది" అన్నాడు. నివేదికలో ఆ మాట ఈ విధంగా ఎక్కింది: "సమాచారదాత సహజ వినయంతో జాతి ఉనికిని నిరాకరించినారు. సంప్రదాయ సమాజాలలో ఇది తరచుగా గమనింపబడు లక్షణము."

రెండు నెలలకు ఉత్తర్వు వచ్చింది. గువ్వలపేట ఒడ్డు నుంచి పదిహేను కిలోమీటర్ల మేర సముద్రం 'లాభం అభయజలాలు'గా ప్రకటించబడినది. ఇప్పటివరకు నమోదైన లాభాలన్నీ చిన్న పడవల గంపలలోనే లభించినందున, ఆ పడవలే ఈ జాతికి ప్రధాన ముప్పుగా నిర్ధారించడమైనది. కావున వాటి వేట నిషేధించడమైనది. పెద్ద మరపడవల సరుకులో ఒక్క లాభం కూడా ఎన్నడూ కనబడనందున, అవి ఈ జాతికి హానిరహితమని తేలినది. వాటికి మినహాయింపు.

ఉత్తర్వును వెంకటరత్నం ఒడ్డున నిలబడి చదివాడు. చదువుతుండగానే అతని గొంతు కొంచెం తగ్గింది. పశుగణనలో ఎప్పుడూ ఆవు లెక్కపెట్టినందుకు పాలు ఆగిపోలేదు.

గువ్వలపేటలో అరవై పడవలు ఇసకమీదికి ఎక్కాయి. నాలుగోరోజుకే పెద్ద మరపడవలు ఎప్పుడూ రానంత దగ్గరికి వచ్చాయి. అభయజలాల్లో అడ్డు తగిలేవాళ్లు లేరు కదా, తీరిగ్గా అటూ ఇటూ దున్నాయి. ఒడ్డున నిలబడితే వాటి మీద పాటలు కూడా వినపడేవి. అప్పయ్య పొద్దున్నే వెళ్లి పడవ నీడన కూర్చుని వల బాగుచేసేవాడు. చిరుగులన్నీ అయిపోయాక, ఏం తోచక, బాగున్నచోట ముడి విప్పి మళ్లీ వేసేవాడు. కుర్రకారు పక్క జిల్లా హార్బరుకి కూలికి పోయారు. ఆడవాళ్లు పట్నం నుంచి ఐసు చేప తెచ్చి, ఆ సముద్రం పక్కనే కూర్చుని అమ్ముకున్నారు. ఆ ఐసు చేప, వాళ్ల ముందు తిరిగే మరపడవలు పట్టినదే. రెండో నెలలో అది కూడా కొనలేక చాలా ఇళ్లలో గంజీ ఉప్పూ మిగిలాయి.

దేశమ్మను ఊళ్లో ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అదే ఆమెకు ఎక్కువ బాధ. ఎవరైనా తిడితే బాగుండుననుకుంది.

బస్సెక్కి జిల్లా ఆఫీసుకు వెళ్లింది. పురుషోత్తం గారు ఆమెను కూర్చోబెట్టి టీ ఇప్పించాడు.

"బాబూ, ఆ సేప నేదు. నా నోటి మాట అది. కొట్టీయండి."

"అమ్మా, జాబితాలో ఒకసారి చేర్చబడిన జాతిని తొలగించడానికి ఒక విధానం ఉంది" అని ఆయన ఫైలు తిప్పాడు. "నమూనా పదకొండు. ఆ జాతి అంతరించిపోయిందని నిరూపించాలి."

"పుట్టనే నేదు బాబూ, అంతరించీడవేటి?"

"పుట్టని జాతికి నమూనా లేదు. అంతరించినదానికే ఉంది. అంతరించిందని చెప్పాలంటే యాభై సంవత్సరాలు వరసగా ఎక్కడా కనబడకూడదు."

"నాకిప్పుడు యాభై మూడు."

"ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోండి" అన్నాడాయన. ఆ మాట ఎగతాళికి కాదు, మనస్ఫూర్తిగానే అన్నాడు.

రెండోసారి పదిమంది ఆడవాళ్లని వెంటబెట్టుకుని వెళ్లింది. అందరూ ఆయన బల్ల మీద చింతగింజలు పోసి, "లాభం, రెండు, మూడు" అని లెక్కపెట్టి చూపించారు. ఆయన శ్రద్ధగా చూసి, చింతగింజల్లో కూడా లాభం లభించుచున్నదా అన్న విషయం అటవీశాఖ పరిధిలోకి వస్తుందని, అక్కడికి రాసి పంపుతానని చెప్పాడు.

మూడోసారి వెళ్లేసరికి ఆయన ఆఫీసులో లేడు. లాభం దినోత్సవం ఏర్పాట్లలో ఉన్నాడు.

దినోత్సవం గువ్వలపేట మలుపులోనే జరిగింది. పిల్లలకు లాభం బొమ్మల పోటీ పెట్టారు. ఎవరికి తోచింది వాళ్లు గీశారు. ఒక పాప ఖాళీ కాగితం ఇస్తే దానికి మూడో బహుమతి వచ్చింది. మలుపులో సిమెంటు విగ్రహం లేపారు. చేప ఏ రూపంలోనైనా ఉండొచ్చు కాబట్టి శిల్పి ఎవరినీ నొప్పించకుండా వంజరం తల, చందువ ఒళ్లు, సొర తోక పెట్టి, బంగారు రంగు పూశాడు. విగ్రహం ఖర్చు భరించినవాడు పెద్ద పడవల యజమానుల సంఘం అధ్యక్షుడు ముకుందరావు. తెల్లటి చొక్కా, మెడలో దండ. మైకు అందుకున్నాడు.

"లాభాన్ని కాపాడటంలో మా సంఘం ఎప్పుడూ వెనకడుగు వెయ్యలేదు! ఇకముందు కూడా ఎన్ని అడ్డంకులొచ్చినా మా లాభాన్ని మేం కాపాడుకుంటామని హామీ ఇస్తున్నాను!"

ఆ రోజు వేదిక మీద మాట్లాడినవాళ్లందరిలో నిజం మాట్లాడినవాడు అతనొక్కడే.

నాలుగో నెలలో పథకానికి అసలు చిక్కు వచ్చిపడింది. చిన్న పడవలు ఆగిపోయాయి కాబట్టి ఒడ్డున గంపల్లేవు. గంపల్లేవు కాబట్టి లెక్క లేదు. లెక్క లేదు కాబట్టి ట్యాబులో లాభం సున్నా. నిరుడు నాలుగువందల పన్నెండు, ఈ ఏడాది సున్నా. రాజధాని నుంచి ఘాటుగా తాఖీదు వచ్చింది: "పరిరక్షణ చర్యలు చేపట్టిన పిదప జాతి పూర్తిగా అదృశ్యమగుటకు కారణమేమి? బాధ్యులెవరు? సమీక్షా సమావేశంలో వివరించవలెను."

ఆ సమావేశానికి ఆచార్య సదానందం గారు వచ్చాడు. ముకుందరావు వచ్చాడు. వెంకటరత్నం ట్యాబు పట్టుకుని గోడవార నిలబడ్డాడు. జీపు పంపించి దేశమ్మను కూడా పిలిపించారు. ఆమె వచ్చేటప్పుడు ఒకటే అనుకుంది: ఈసారి కూడా నిజమే చెప్పాలి, బల్ల గుద్ది చెప్పాలి.

సమావేశం గది రెండో అంతస్తులో ఉంది. కిటికీలోంచి సముద్రం కనబడుతోంది. పెద్ద మరపడవలు బారులు తీరి గువ్వలపేట వైపు పోతున్నాయి.

పురుషోత్తం గారి మొహం పీక్కుపోయి ఉంది. "అమ్మా, లాభం ఎక్కడికి పోయింది? మీరే చెప్పాలి. ఈ జాతిని గుర్తించగలిగినవారు ప్రపంచంలో మీరొక్కరే."

దేశమ్మ నోరు తెరిచింది. ఆ చేప లేదు బాబూ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె గదిలో మొహాలన్నీ ఒకసారి చూసింది. ఆచార్యులవారు అప్పుడే కలం మూత తీసి, వినయం గురించి రాయడానికి సిద్ధంగా ఉన్నాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. అప్పయ్య వల ముడి విప్పి మళ్లీ వేయడం గుర్తొచ్చింది.

"వలసపోనాది బాబూ" అంది.

పురుషోత్తం గారికి ఊపిరి తిరిగింది. "ఎక్కడికి?"

"ఒడ్డునుంచి నోపలికి ఎల్లిపోనాది. అదిగో, ఆ పెద్ద పడవలు లాగతన్నాయి కదా, అక్కడికి. గుడ్లెట్టే కాలం ఇది. గుడ్లు అడుగునెడతాది. ఇప్పుడు ఒడ్డున మచ్చుకైనా ఉండదు."

ముకుందరావు కుర్చీలోంచి లేచాడు. "ఇదెక్కడి మాట? మా సరుకులో ఎప్పుడూ ఒక్క లాభం కూడా రాలేదు. రికార్డులున్నాయి!"

"మీరు తూకమేత్తారు కదండీ" అంది దేశమ్మ శాంతంగా. "తూకానికి అది అందదు. ఒక్కొక్కటే సేతబట్టి లెక్కెడితేనే కనిపిత్తాది."

"సాక్ష్యమేంటి?"

"ఇన్నాళ్లూ నా మాట తప్ప వేరే సాక్ష్యమేటుంది బాబూ?"

చట్టం, విగ్రహం, దినోత్సవం అన్నీ ఆ మాట మీదే నిలబడి ఉన్నాయి. ఆచార్యుల వారు బల్ల మీద చరిచాడు. "నేను మొదటే అనుమానించాను! మారువేషం వేసే జాతికి వలస సహజ లక్షణం. తక్షణం సంతానోత్పత్తి మండలాన్ని రక్షించాలి!"

నిజానికి మూడుసార్లు బస్సెక్కి తిరిగినా దొరకనిది అబద్ధానికి తొమ్మిది రోజుల్లో దొరికింది. కొత్త ఉత్తర్వు ప్రకారం అభయజలాలు ఒడ్డు వదిలి లోతు సముద్రానికి జరిగాయి. ఒడ్డున లాభం లేదని నిర్ధారణ అయినందున చిన్న పడవలకు అనుమతి. పెద్ద మరపడవలు వేటాడవచ్చు గానీ, పట్టిన ప్రతి చేపనూ గణకుడి సమక్షంలో చేత్తో ఒక్కొక్కటిగా లెక్కపెట్టాలి. అందులో లాభం ఒక్కటి కనబడినా పడవ జప్తు. లెక్కించడానికి వీలులేనంత చిన్న చేపలను పట్టే వలలు గణనకు ఆటంకం కలిగించును గనుక వాటిని స్వాధీనం చేసుకొనవలెను.

ముకుందరావు మొదటి పడవ ఇరవై టన్నులతో హార్బరుకు వచ్చింది. వెంకటరత్నం కుర్చీ వేసుకున్నాడు. ఈసారి బూట్లు విప్పి పక్కన పెట్టుకున్నాడు. నలుగురు కూలీలు ఒక్కొక్క చేపా ఎత్తి చూపిస్తుంటే అతను చాలా శ్రద్ధగా, తొందర లేకుండా నొక్కాడు. సాయంత్రానికి మూడు టన్నులు కూడా కాలేదు. రెండోరోజు ఐసు కరిగింది. మూడోరోజు హార్బరంతా ముక్కు మూసుకుంది. నాలుగోరోజు ముకుందరావు స్వయంగా వచ్చి, తూకం వేసుకోమని, ఏం కావాలన్నా చూసుకుంటానని చెవిలో చెప్పాడు.

"తూకానికి అందదటండీ" అన్నాడు వెంకటరత్నం, ట్యాబులోంచి తలెత్తకుండా.

నెల తిరక్కుండా పెద్ద మరపడవలు ఈ లెక్క లేని సముద్రాలు వెతుక్కుంటూ వెళ్లిపోయాయి. వాళ్లు వెళ్లిన చోట ఏమైందో ఈ కథకు తెలియదు. మంచి జరిగి ఉండదు.

అంతకుముందు, సమావేశం నుంచి వచ్చిన రోజు రాత్రి దేశమ్మ అప్పయ్యకి గంజి పోసి పక్కన కూర్చుంది. అప్పయ్య గంజి తాగి, చెయ్యి కడుక్కుని, మెల్లిగా అడిగాడు.

"అబద్ధం ఆడీసినావేటే?"

"నిజం మూడుసార్లు సెప్పినాను మావా. ఒక్కడైనా రాసుకున్నాడా?"

"రాసుకోనేదు" అని అప్పయ్య ఒప్పుకున్నాడు. కొత్త ఉత్తర్వు వచ్చిన మర్నాడు తెల్లారకముందే పడవ నీళ్లలోకి తోశాడు.

సముద్రం ఒక్కరోజులో మారలేదు. మొదటి కొన్ని నెలలు గంపలు సగమే నిండాయి. ఆ తరువాతి ఏడాది పిల్లచేపలు పిల్లలుగా పట్టుబడకుండా పెరగడం మొదలుపెట్టాయి. రెండో ఏడాది చివర్లో అప్పయ్య వలలో ఒక వంజరం పడింది. దాన్ని ఒడ్డుకు తెస్తే ఊళ్లో ముసలివాళ్లు చుట్టూ చేరి, ఇంత పొడుగుది తాము కుర్రతనంలో చూశామని, కాదు అంతకంటే పొడుగుదని పోట్లాడుకున్నారు. కూలికి పోయినవాళ్లలో సగంమంది తిరిగొచ్చారు. పథకం గురించి రాజధానిలో పెద్ద పుస్తకం అచ్చయింది. దాని అట్టమీద ఆచార్య సదానందం గారు భూతద్దంతో ఉన్నాడు.

పురుషోత్తం గారు ఉద్యోగ విరమణ చేశాక ఒకరోజు మధ్యాహ్నం గువ్వలపేట వచ్చాడు. జీపు లేదు, ఫైలు లేదు. ఆటో దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని ఇసకలో నడుచుకుంటూ దేశమ్మ దగ్గరికి వచ్చాడు. ఆమె అప్పుడే గంప నింపుకుని పట్నం బజారుకు బయల్దేరబోతోంది.

"బాగున్నారా అమ్మా?"

"బాగున్నాం బాబూ. తవరేటి, ఇలాగొచ్చినారు?"

ఆయన కొంచెంసేపు సముద్రాన్ని చూశాడు. "ఒక మాట చెప్పిపోదామని వచ్చాను. మా నాన్న రైతు. కళ్లంలో వడ్లు కొలిచేటప్పుడు మొదటి కుంచం దగ్గర ఆయన కూడా లాభం అనేవాడు."

దేశమ్మ గంప సర్దుతున్న చేతులు ఆగిపోయాయి.

"అంటే… తవరికి ముందే ఎరికా?"

"మొదటి నివేదిక చూసిన రోజే తెలుసు."

"మరి ఎందుకు సెప్పనేదు?"

"నన్నెవరూ అడగలేదమ్మా. అడిగిన కాగితాల్లో ఆ మాట రాయడానికి గడి లేదు. మీరు వలసపోయిందని అన్న రోజు నాకు ప్రాణం లేచొచ్చింది. రాయడానికి వీలైన మాట మొదటిసారి ఒకరు చెప్పారు." ఆయన నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేశాడు.

తిట్టాలంటే ఎన్నో తిట్లు వచ్చు దేశమ్మకు. ఒడ్డున అరవై పడవలు ఎండకు బీటలు వారడం, పొరుగింటి పిల్లలు గంజిలో ఉప్పుకోసం దెబ్బలాడుకోవడం, అప్పయ్య వేళ్లు ఉత్తినే ముడులు వేయడం, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

"నాలుగు నెలలు బాబూ" అంది చివరికి.

ఆయన తల దించుకున్నాడు.

బస్సు వేళైంది. దేశమ్మ తలమీద చుట్టకుదురు పెట్టుకుని, గంప ముందు వంగి అటూ ఇటూ చూసింది. నిండు గంప ఒక్కతే ఎత్తుకోలేదు. ఎవరైనా ఒక చెయ్యి వెయ్యాలి. దగ్గర్లో ఎవరూ లేరు. పురుషోత్తం గారు చెప్పులు ఇసకలో వదిలేసి, చొక్కా చేతులు మడిచి, గంప అంచు రెండో వైపు పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి లేపారు. చేప నీళ్లు ఆయన ఇస్త్రీ చొక్కా మీద ధారగా కారాయి.

"చాలా బరువుందమ్మా" అన్నాడు ఆయాసపడుతూ.

"ఉంటాది మరి" అని దేశమ్మ నడుం నిటారుగా చేసుకుని, రోడ్డు వైపు నడిచింది.